కలకత్తా రాత్రికి కాపలా: 1,234 రోజుల స్క్వాడ్రన్ కథ

1943 జనవరి 14, సంక్రాంతి. ఆ రోజున కలకత్తా శివార్లలోని డమ్‌డమ్ విమానాశ్రయంలో బ్రిటిష్ వైమానిక దళం 176వ స్క్వాడ్రన్‌ను ఏర్పాటు చేసింది. 1946 జూన్ 1న దాన్ని రద్దు చేసింది. నడుమ గడిచినవి 1,234 రోజులు, అంటే మూడేళ్ల నాలుగున్నర నెలలు. దానికి అప్పగించిన పని ఒక్కటే: రాత్రిపూట వచ్చే శత్రు బాంబర్లను చీకట్లో వెతికి పట్టుకుని కూల్చడం.

ఆ 1,234 రోజుల్లో దానికి పేరు తెచ్చినవి మొదటి వారంలోని రెండు రాత్రులే. ఒకటి జనవరి 15, రెండోది జనవరి 19. ఆ రెండు రాత్రుల్లో కూలినవి ఐదు విమానాలు.

కోట్ల మంది ప్రాణాలు పోయిన యుద్ధంలో ఐదు విమానాలు ఎవరి లెక్కలోకీ రావు. అయినా ఈ కథను అంకెలతోనే చెప్పాలి. ఇక్కడ చిన్న అంకెలు పెద్ద అంకెలను కదిలించాయి. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బాంబర్లు 21 లక్షల జనాభా ఉన్న నగరాన్ని వణికించి ఖాళీ చేయించబోయాయి. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని నైట్ ఫైటర్లు ఆ భయానికి అడ్డుకట్ట వేశాయి. ఆ వెనకే వచ్చిన ఆకలిని మాత్రం ఏ విమానమూ ఆపలేకపోయింది. ఈ మూడింటినీ కలిపి చూడకపోతే ఆ స్క్వాడ్రన్ ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో అర్థం కాదు.

భిలాయి నుంచి హౌరాకు 860 కిలోమీటర్లు

ఇది భిలాయి సెక్టర్ 6లో కూర్చుని రాస్తున్న కథనం. యుద్ధకాలంలో ఇక్కడ ఉక్కు కర్మాగారమూ లేదు, సెక్టర్లూ లేవు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. 1943లో ఇక్కడ ఉన్నవి పల్లెలు, వరి పొలాలు, వాటి మధ్య నుంచి పోయే బెంగాల్ నాగపూర్ రైల్వే లైను.

ఆ లైను పట్టుకుని తూర్పుగా సుమారు 860 కిలోమీటర్లు వెళితే హౌరా వస్తుంది. ఆ రైల్వే ప్రధాన కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచ్‌లో ఉండేది. హుగ్లీ ఒడ్డున, కిడర్‌పూర్ రేవు పక్కనే. అదే రైల్వే మరో వైపు వాల్తేరు దాకా సాగేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి బయల్దేరిన మనిషి రైల్వే ఉద్యోగానికో కూలి పనికో ఖరగ్‌పూర్, కలకత్తా చేరుకున్నది ఈ దారినే. భిలాయి కట్టాక ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్లలో ఆ జిల్లాల వాళ్లు చాలామంది. పక్కనే సెక్టర్ 5లో ఉన్న బాలాజీ గుడి దగ్గర పెద్దవాళ్లతో మాట కలిపితే ఖరగ్‌పూర్ చుట్టరికాలు, రంగూన్ కబుర్లు ఇప్పటికీ బయటికి వస్తాయి. అందుకే కలకత్తా ఆకాశంలో జరిగిన ఆ పోరు మనకు పరాయి కథ కాదు.

ముందు రంగూన్, తర్వాత విశాఖ

కలకత్తా రాత్రుల దగ్గరికి రావాలంటే రంగూన్ పగళ్ల నుంచి మొదలుపెట్టాలి. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు పట్టపగలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. రేవులో, వీధుల్లో చనిపోయినవారి సంఖ్య వేలల్లోకి వెళ్లింది. ఆ రేవులో బరువులు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లు చాలా పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1931 జనగణన నాటికే బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు అటూ ఇటూగా ఉన్నారు. 1942లో బర్మా వదిలి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలు. ఓడ దొరికినవాళ్లు కలకత్తాకో విశాఖకో మద్రాసుకో చేరారు. దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన నడిచారు. వేలమంది ఆ దారిలోనే కన్నుమూశారు.

1942 ఏప్రిల్ 6న యుద్ధం తెలుగు తీరాన్నే తాకింది. ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నౌకాదళం బంగాళాఖాతంలో ఆ కొద్ది రోజుల్లో ముంచేసిన వాణిజ్య నౌకలు 20కి పైనే. విశాఖను కాపాడటానికి ఎదురు లేచిన ఫైటర్ విమానం ఒక్కటీ లేదు. బాంబుల వల్ల పోయిన ప్రాణాలు కొద్దే. ఊరు మాత్రం రోజుల్లోనే ఖాళీ అయింది. మూటా ముల్లే సర్దుకుని జనం లోపలి పల్లెలకు తరలిపోయారు. బాంబు చంపేది కొందరినే అయినా తరిమేది ఊరందరినీ అని తెలుగువాళ్లకు ఆనాడే తెలిసింది.

పంచాంగం చెప్పే సంగతి

కలకత్తా మీద మొదటి బాంబులు 1942 డిసెంబర్ 20 రాత్రి పడ్డాయి. రంగూన్ మీద తొలి దాడి జరిగి అప్పటికి 362 రోజులు. అక్కడి నుంచి క్రిస్మస్ దాటేదాకా జపాన్ బాంబర్లు మరికొన్ని రాత్రులు వచ్చాయి.

ఆ తేదీలను పంచాంగం పక్కన పెట్టి చూస్తే లెక్క తేటతెల్లమవుతుంది. 1942 డిసెంబర్ 22న పౌర్ణమి. తర్వాతి పౌర్ణమి 1943 జనవరి 21న. మొదటి దాడి పౌర్ణమికి రెండు రోజుల ముందు. 176వ స్క్వాడ్రన్ తొలి వేట పౌర్ణమికి ఆరు రోజుల ముందు, రెండోది రెండు రోజుల ముందు. వెన్నెల లేకుండా బాంబర్‌కు పని జరగదు. నగరంలో దీపాలన్నీ ఆర్పినా వెన్నెల్లో హుగ్లీ నది వెండి తీగలా మెరుస్తుంది. దాని వంపు చూసుకుంటూ వస్తే రేవు ఎక్కడుందో, హౌరా వంతెన ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

బర్మాలోని స్థావరాల నుంచి కలకత్తాకు 700 నుంచి 1,000 కిలోమీటర్ల దూరం. కీ-21 అనే జపాన్ బాంబర్ గరిష్ఠ వేగం గంటకు 486 కిలోమీటర్లు, మోయగలిగిన బాంబుల బరువు 1,000 కిలోలు. రెండు మూడు గంటల్లో వచ్చి, బాంబులు వదిలి, తెల్లవారేలోపు తిరిగి వెళ్లిపోవచ్చు.

డిసెంబర్ దాడుల్లో చనిపోయినవారు పదుల్లోనే ఉన్నారు. నగరం వదిలి వెళ్లినవారు లక్షల్లో ఉన్నారు. హౌరా, సియాల్దా స్టేషన్లు కిక్కిరిసిపోయాయి. పాకీ పనివారు, రేవు కూలీలు, వంటవాళ్లు, గుమాస్తాలు ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. తిండిగింజల దుకాణాలు మూతపడ్డాయి. డిసెంబర్ 27న ప్రభుత్వమే నగరంలోని వర్తకుల బియ్యం నిల్వలను స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చీకట్లో వెతుకులాట: ఒక చిన్న లెక్క

కలకత్తాకు అప్పటికే హరికేన్ ఫైటర్లు ఉన్నాయి. మైదానం పక్కనున్న రెడ్ రోడ్డునే రన్‌వేగా మార్చి, నగరం నడిబొడ్డు నుంచి అవి లేచేవి. పగలు పనికొచ్చిన ఆ విమానాలు రాత్రి ఎందుకు చేతులెత్తేశాయి? లెక్క వేసి చూద్దాం.

బాంబర్ ఒకటి ఫలానా చోటికి వచ్చిందని భూమి మీది రాడార్ చెప్పిందనుకోండి. అది చూపిన చోటు పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు, రెండు కిలోమీటర్ల మందం ఉన్న గాలి ముక్క అనుకుందాం. అంటే 200 ఘన కిలోమీటర్లు. చీకట్లో పైలట్ కంటికి 300 మీటర్ల దాకా కనిపిస్తుందనుకుంటే, అతను ఒక క్షణంలో తన చుట్టూ చూడగలిగేది 0.11 ఘన కిలోమీటరు. 200లో 0.11 అంటే దాదాపు 1,800లో ఒక వంతు. పైగా వెతికేవాడూ, దొరకాల్సినవాడూ ఇద్దరూ గంటకు మూడు నాలుగు వందల కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఉంటారు. వెన్నెల ఉంటే కంటి చూపు కాస్త పెరుగుతుంది, అంతే. హరికేన్ పైలట్లకు ధైర్యం లేక కాదు, లెక్క వాళ్లకు ఎదురు తిరిగింది.

ఇప్పుడు అదే చోటికి రాడార్ ఉన్న విమానాన్ని పంపుదాం. 176వ స్క్వాడ్రన్ నడిపిన నైట్ ఫైటర్ విమానం పేరు బోఫైటర్. అందులో బిగించిన రాడార్ పేరు ఏఐ మార్క్ 4. ఏఐ అంటే ఈనాటి కృత్రిమ మేధ కాదు, గాల్లోనే అడ్డగించడానికి వాడే ఎయిర్‌బోర్న్ ఇంటర్‌సెప్షన్ అనే పరికరం. అది 193 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. తరంగం పొడవు మీటరున్నర. ముందుకు వెళ్లిన తరంగం ఎదుటి విమానాన్ని తాకి తిరిగి వస్తుంది. రాకపోకలకు పట్టిన సమయమే దూరాన్ని చెబుతుంది. 6 కిలోమీటర్ల దూరంలోని విమానం నుంచి ప్రతిధ్వని రావడానికి 40 మైక్రోసెకన్లు చాలు, అంటే సెకనులో 25 వేలవ వంతు.

ఆ రాడార్‌కు ఒక ఇబ్బంది ఉంది. తరంగాలు కిందికీ పోతాయి. నేల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని తెర నిండా పరుచుకుని, అంతకంటే దూరంగా ఉన్నవాటిని కప్పేస్తుంది. కాబట్టి విమానం ఎంత ఎత్తులో ఉంటే రాడార్ చూపు అంత దూరమే. 5 కిలోమీటర్ల ఎత్తులో ఎగిరితే 5 కిలోమీటర్లు, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తుకు దిగితే ఒకటిన్నర కిలోమీటర్లే. శత్రువు కింది నుంచి వస్తే ఈ రాడార్ గుడ్డిదైపోయినట్టే.

అయినా 5 కిలోమీటర్ల ఎత్తులో దాని ముందుండే అర్ధగోళం 260 ఘన కిలోమీటర్ల పైమాట. అందులో సగమే పనికొస్తుందనుకున్నా 130. మన గాలి ముక్క 200. కంటికి 1,800లో ఒక వంతుగా ఉన్న అవకాశం రాడార్‌తో సగానికి పైకి వచ్చింది. నైట్ ఫైటర్ అన్న మాటకు అసలు అర్థం ఈ తేడాలోనే ఉంది.

ఇద్దరు మనుషులు, రెండు తెరలు

బోఫైటర్‌లో ఉండేది ఇద్దరే. ముందు పైలట్. నడుం భాగంలో, గాజు బుడగ కింద రాడార్ ఆపరేటర్. ఇద్దరి మధ్య మాట హెడ్‌ఫోన్లలోనే. ఆపరేటర్ ముందు చిన్న గుండ్రటి తెరలు రెండు వెలుగుతుంటాయి. ఒకటి శత్రువు ఎడమన ఉన్నాడో కుడిన ఉన్నాడో చెబుతుంది, రెండోది పైన ఉన్నాడో కింద ఉన్నాడో చెబుతుంది. మధ్య గీతకు అటో ఇటో కాస్త ఉబ్బెత్తుగా ఒక ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. గీతకు ఎడమ పక్కన మచ్చ పెద్దదిగా ఉంటే విమానం ఎడమకు తిరగాలి. రెండు పక్కలా సమానమైతే శత్రువు నేరుగా ముందున్నట్టు. ఆ మచ్చ గీత వెంట జరుగుతూ కిందికి వస్తుంటే దూరం తగ్గుతున్నట్టు. ఆపరేటర్ తెరల మీంచి కళ్లు తీయకుండా చెబుతుంటాడు, పైలట్ బయటి చీకట్లోకి చూస్తూ నడుపుతుంటాడు.

బాంబర్ గంటకు 350 కిలోమీటర్లతో, బోఫైటర్ 450తో పోతున్నాయనుకుంటే తేడా 100, అంటే సెకనుకు 28 మీటర్లు. 5 కిలోమీటర్ల దూరం తగ్గి 120 మీటర్లకు రావడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. 120 మీటర్ల లోపల ఆ రాడార్ ఇక ఏమీ చూపించలేదు. అక్కడి నుంచి పైలట్ కళ్లే గతి. బాంబర్ ఇంజిన్ గొట్టాల నుంచి వచ్చే ఎర్రటి వెలుగు, నక్షత్రాలను మూసేస్తూ కదిలే నల్లటి ఆకారం, ఈ రెండే ఆనవాళ్లు. అందుకే వెనక నుంచి, కాస్త కింద నుంచి సమీపించేవారు.

ఆ తర్వాతి పని సెకన్లలో ముగుస్తుంది. బోఫైటర్ ముక్కు కింద 20 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు, రెక్కల్లో మరో ఆరు మెషీన్‌గన్లు. ఒక్కో ఫిరంగి నిమిషానికి సుమారు 600 గుళ్లు పేలుస్తుంది. నాలుగూ కలిస్తే సెకనుకు 40. ఒక్కో గుండు బరువు సుమారు 130 గ్రాములు. రెండు సెకన్లు మీట నొక్కితే పది కిలోల ఇనుము శత్రువు మీద పడుతుంది. అప్పటి జపాన్ బాంబర్లకు ఇంధన ట్యాంకుల రక్షణ బలహీనం. రెండు సెకన్లు చాలాసార్లు సరిపోయేవి.

జనవరి 15, జనవరి 19

ఈ యంత్రాలు భారతదేశంలో అప్పటిదాకా లేవు. ఈజిప్టులో ఉన్న 89వ స్క్వాడ్రన్ నుంచి కొన్ని బోఫైటర్లను, వాటి సిబ్బందిని హడావుడిగా కలకత్తాకు పంపారు. జనవరి 14న ఆ బృందమే 176వ స్క్వాడ్రన్ అయింది. మర్నాడు కనుమ. ఆ రాత్రే జపాన్ బాంబర్లు వచ్చాయి.

ఫ్లైట్ సార్జెంట్ ప్రింగ్, రాడార్ ఆపరేటర్ వారెంట్ ఆఫీసర్ ఫిలిప్స్ ఎదురు లేచారు. నాలుగు నిమిషాల్లో మూడు బాంబర్లను కూల్చారు. ఒక్కోదానికి సగటున 80 సెకన్లు. ఇంతకు ముందు వేసిన లెక్క ప్రకారం 5 కిలోమీటర్ల నుంచి ఒక్క విమానాన్ని సమీపించడానికే మూడు నిమిషాలు కావాలి. కాబట్టి రెండోదాన్నీ మూడోదాన్నీ అతను కొత్తగా వెతుక్కోలేదు. మూడూ గుంపుగానే ఎగురుతున్నాయి. రాత్రివేళ తమను ఎవరూ పట్టుకోలేరన్న ధీమాతో వచ్చాయి కాబట్టే అలా కలిసికట్టుగా వచ్చాయి. డిసెంబర్‌లో ఆ ధీమా సరైనదే. జనవరి 15 నాటికి కాదు.

నాలుగు రోజుల తర్వాత, జనవరి 19 రాత్రి, ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌కు చెందిన ఫ్లయింగ్ ఆఫీసర్ చార్లెస్ క్రాంబీ, ఆపరేటర్ మాస్ నాలుగు బాంబర్ల గుంపును ఎదుర్కొన్నారు. ఎదురుకాల్పుల్లో బోఫైటర్ కుడి ఇంజిన్‌కు మంటలంటుకున్నాయి. క్రాంబీ వెనక్కి తిరగలేదు. మండుతున్న విమానంతోనే రెండు బాంబర్లను కూల్చాడు. మాస్‌ను పారాచూట్‌తో దూకేయమన్నాడు. ఆ తర్వాత మూడోదాన్ని తరిమి దెబ్బతీసి, చివరికి తనూ దూకాడు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. క్రాంబీకి డీఎస్‌ఓ పతకం, మాస్‌కు డీఎఫ్‌సీ, ప్రింగ్‌కు డీఎఫ్‌ఎం దక్కాయి. యుద్ధం చివరిదాకా బతికిన క్రాంబీ 1945 ఆగస్టులో స్వదేశంలోనే విమాన ప్రమాదంలో మరణించాడు.

మూడూ రెండూ ఐదు. జపాన్‌కు ఐదు బాంబర్ల నష్టం భరించలేనిది కాదు. కానీ వచ్చిన కొద్ది బాంబర్లలో ఐదు తిరిగి వెళ్లలేదు. చీకటి ఇక తమకు రక్ష కాదని వాళ్లకు అర్థమైంది. కలకత్తా మీద రాత్రి దాడులు ఆగిపోయాయి. ఊరు వదిలిన జనం తిరిగి రావడం మొదలుపెట్టారు. నా దృష్టిలో 176వ స్క్వాడ్రన్ విజయాన్ని కూలిన విమానాలతో కాక, హౌరా స్టేషన్లో మళ్లీ దిగిన ప్రయాణికులతో కొలవాలి.

నిద్ర తిరిగొచ్చింది, బియ్యం రాలేదు

ఇక ఇంకో వరస అంకెలు చూడాలి. ఇవి విమానాలవి కావు, బియ్యానివి.

1942 డిసెంబర్ 11న, అంటే తొలి బాంబుకు తొమ్మిది రోజుల ముందు, కలకత్తా టోకు బజారులో మణుగు బియ్యం 13, 14 రూపాయల మధ్య ఉంది. మణుగంటే సుమారు 37 కిలోలు. 1943 మార్చి 12కు అది 21 రూపాయలైంది. మే 21కి 30 దాటింది. ఆగస్టు 20కి 37కు చేరింది. ఎనిమిది నెలల్లో రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. కూలి రేట్లు ఆ దరిదాపుల్లోకి కూడా పోలేదు.

ఆకాశం నిశ్శబ్దమైన నెలలే ఇవి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. రాత్రి దాడులు లేవు, ధరలు మాత్రం ఎగబాకుతూనే ఉన్నాయి. కారణాలు ఒక్కటి కావు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. 1942 అక్టోబరులో మేదినీపూర్ తీరాన్ని తుపాను తుడిచిపెట్టింది. జపాన్ చేతికి చిక్కకూడదని తీర జిల్లాల్లో ప్రభుత్వమే పడవలను లాగేసుకుంది. నమోదైన 66 వేల పైచిలుకు పడవల్లో మిగిలినవి 21 వేల లోపు. చేపలు పట్టేవాడికీ, ధాన్యం చేరవేసేవాడికీ చేతులు కట్టేసినట్టయింది. యుద్ధ ఖర్చుతో డబ్బు విలువ పడిపోయింది. వీటన్నిటి మీద డిసెంబర్ బాంబులు తెచ్చిన గాభరా, 27వ తేదీన జరిగిన నిల్వల స్వాధీనం వచ్చి చేరాయి. వర్తకుడు సరుకు దాచాడు, ఉన్నవాడు ఎక్కువ కొనిపెట్టుకున్నాడు, లేనివాడికి గంజి కూడా దొరకలేదు.

బెంగాల్ కరువులో చనిపోయినవారు 15 లక్షలని 1945లో ప్రభుత్వ విచారణ సంఘం అంచనా వేసింది. తర్వాత లెక్కలు వేసిన పండితులు 20 నుంచి 30 లక్షల మధ్య అన్నారు. అమర్త్య సేన్ అంచనా 30 లక్షలకు దగ్గరగా ఉంది. బాంబుల వల్ల కలకత్తాలో పోయిన ప్రాణాలన్నీ కలిపినా ఇందులో వెయ్యో వంతు దాకా కూడా రావు. నగరాన్ని బాంబుల నుంచి కాపాడటానికి ఈజిప్టు నుంచి విమానాలు రోజుల్లో వచ్చాయి. ఆకలి నుంచి కాపాడటానికి ఓడలు నెలల తరబడి రాలేదు. ఆ ప్రభుత్వం వేటిని ముందు లెక్కపెట్టిందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే అంకెలు నాకు తెలియవు.

పట్టపగలు, ఆదివారం

1943 డిసెంబర్ 5 ఆదివారం. జపాన్ ఈసారి రాత్రి కాక పగలు వచ్చింది. లక్ష్యం కిడర్‌పూర్ రేవు. మొదటి విడతలో సైన్యానికి చెందిన 18 బాంబర్లు, రెండో విడతలో నౌకాదళానికి చెందిన 9 బాంబర్లు. వాటికి కాపలాగా వచ్చిన ఫైటర్లు దాదాపు వంద. అప్పటికి కొత్తగా వచ్చిన స్పిట్‌ఫైర్లు తూర్పున చిట్టగాంగ్ వైపు ఉన్నాయి. కలకత్తాకు మిగిలినవి పాత హరికేన్లు.

176వ స్క్వాడ్రన్ చేతిలో కూడా ఆ ఏడాది మే నుంచి కొన్ని హరికేన్లు ఉన్నాయి. పైలట్ ఒక్కడే నడుపుకోగలిగేలా చిన్న రాడార్ బిగించి, రాత్రి పని కోసం తెచ్చినవి. రాడార్ బరువుతో అవి మామూలు హరికేన్ల కంటే మందకొడిగా ఉండేవి. ఆ ఆదివారం వాటినీ పగటి యుద్ధానికి పంపారు. ఎదురుగా ఉన్నవి జీరో ఫైటర్లు. తిరిగి రానివాటిలో ప్రింగ్ నడిపిన విమానం ఒకటి. నాలుగు నిమిషాల్లో మూడు బాంబర్లను కూల్చిన ఆ రాత్రికీ, అతను మరణించిన ఆ పగటికీ మధ్య 324 రోజులు.

ఇది ఒక వ్యక్తి దురదృష్టం మాత్రమే కాదు. రాత్రి యుద్ధానికి ఒక పైలట్‌ను తయారుచేయడానికి నెలలు పడుతుంది. అలాంటి మనిషిని, అతనికి పనికొచ్చే చీకటినీ, జతగాడైన ఆపరేటర్‌నీ తీసేసి, బరువెక్కిన విమానంలో జీరోల ముందుకు పంపడం తప్పుడు నిర్ణయం. రాడార్‌కు పగటి వెలుతురులో విలువ లేదు, మలుపు తిరగగల చురుకుకే విలువ.

రేవులో చనిపోయినవారు 300 దాటారు. వాళ్లలో ఎక్కువమంది రేవు కూలీలు. వాళ్లు పడిపోయిన చోటికి బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం కూతవేటు దూరం. బతికినవాళ్లు పని వదిలేసి సొంత ఊళ్లకు పోయారు. కరువు ఇంకా తగ్గని నెలల్లో, ధాన్యం దిగాల్సిన రేవులో, దించే చేతులు కరువయ్యాయి.

మిగిలిన రోజులు

ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డమ్‌డమ్ నుంచి స్క్వాడ్రన్ 1943లోనే కలకత్తాకు ఈశాన్యంగా ఉన్న బైగాచికి మారింది. 1944లో సింహళంలోని మిన్నేరియాకు వెళ్లింది. 1945లో మళ్లీ బైగాచికి వచ్చి, బోఫైటర్లను వదిలి మస్కిటో విమానాలు అందుకుంది. వాటితో వేటాడాల్సిన శత్రువు అప్పటికి మిగల్లేదు. బైగాచిలోనే రద్దయింది. దేశ విభజన తర్వాత ఆ రన్‌వేల మీద శరణార్థుల కోసం ఒక ఊరు కట్టారు. అదే ఇప్పటి అశోక్‌నగర్.

ఇంతకంటే తక్కువ బతికిన నైట్ ఫైటర్ స్క్వాడ్రన్ కూడా తూర్పు భారతంలో ఉంది. అమెరికా వైమానిక దళానికి చెందిన 427వ స్క్వాడ్రన్ 1944 ఫిబ్రవరి 1న పుట్టి 1945 అక్టోబర్ 29న ముగిసింది, 636 రోజులు. ఉక్రెయిన్‌లోని పోల్టావాలో అమెరికన్ బాంబర్ల స్థావరానికి కాపలాగా దాన్ని పంపాలనుకున్నారు. సోవియట్లు ఒప్పుకోలేదు. దారి మళ్లి ఇటలీ మీదుగా ఆసన్‌సోల్ బొగ్గు గనుల ప్రాంతంలోని పాండవేశ్వర్‌కు, ఆ తర్వాత చైనాకు వెళ్లింది. మన ఛత్తీస్‌గఢ్ గడ్డ మీదికి కూడా ఒకటి వచ్చింది. ఇంగ్లండ్ మీద రాత్రి కాపలా కాసిన 96వ స్క్వాడ్రన్ 1944 డిసెంబర్‌లో రద్దై, రవాణా స్క్వాడ్రన్‌గా మళ్లీ పుట్టి, 1945లో డకోటా విమానాలతో బిలాస్‌పూర్‌లో మకాం వేసింది. భిలాయి నుంచి రైల్లో మూడు గంటల దూరం కూడా కాదు.

176వ స్క్వాడ్రన్ కూల్చిన ప్రతి విమానానికీ తేదీ ఉంది, పైలట్ పేరుంది, వెనక కూర్చున్న ఆపరేటర్ పేరుంది. కిడర్‌పూర్ రేవులో పోయినవాళ్లకు మిగిలింది 300కు పైగా అన్న ఒక్క మాటే. బర్మా దారిలో పోయినవాళ్లకు వేలమంది అన్న మాటే. ఈ రెండో లెక్కలో మనవాళ్లున్నారు. దాన్ని సరిచేయడం ప్రభుత్వ దస్తావేజులతో అయ్యే పని కాదు, ఇళ్లలోనే కావాలి. మీ ఇంట్లో రంగూన్, ఖరగ్‌పూర్, కిడర్‌పూర్ పేర్లు తెలిసిన పెద్దలుంటే వెంటనే అడగండి. 1942లో, 43లో మీవాళ్లు ఎక్కడున్నారు, ఏ స్టేషన్లో రైలెక్కారు, బియ్యం ఎంతకు కొన్నారు, ఎవరు తిరిగి రాలేదు. విన్నది విన్నట్టు, పేరుతో, ఊరితో, తెలిసినంతవరకు తేదీతో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆనాటికి పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి.